మంచు దేశంలో కోళ్లగూడు

కోడి ఒంటి వేడి 41 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. అమెరికాలో కెనడా సరిహద్దును ఆనుకుని ఉన్న రాష్ట్రం మిన్నెసోటా. అక్కడి మినియాపొలిస్ నగరంలో జనవరి రాత్రుల సగటు ఉష్ణోగ్రత మైనస్ 13 డిగ్రీలు. ఇంకా ఉత్తరాన ఉన్న టవర్ అనే ఊళ్లో 1996 ఫిబ్రవరి 2న మైనస్ 51 డిగ్రీలు నమోదైంది. మామూలు జనవరి రాత్రి కూడా అక్కడి రెండున్నర కిలోల కోడి తన ఒంటికీ బయటి గాలికీ మధ్య 50 డిగ్రీలకు పైబడిన తేడాను తెల్లవార్లూ నిలబెట్టుకోవాలి. అయినా పెరట్లో కోళ్లు పెంచే చాలామంది గూటిలో హీటరు పెట్టరు. ఈకలు పొడిగా ఉండి, గాలి నేరుగా తగలకపోతే ఎదిగిన కోడి మైనస్ 20 డిగ్రీలను కూడా తట్టుకుంటుంది. ఈకలు తడిస్తే మాత్రం సున్నా దగ్గరి చలి కూడా దాని ప్రాణం మీదికి తెస్తుంది. చలికాలపు గూటి నిర్మాణమంతా ఈ ఒక్క సంగతి మీద ఆధారపడి ఉంది.

1940 నవంబరు 11న అమెరికా మధ్యపశ్చిమ రాష్ట్రాలు ఈ సంగతిని పెద్ద నష్టంతో తెలుసుకున్నాయి. ఆ ఉదయం ఆ ఋతువుకు తగని వెచ్చదనంతో మొదలైంది. కాసేపటికి వాన పట్టుకుంది, వాన మంచుగా మారింది, పెనుగాలి తోడై ఉష్ణోగ్రత గంటల వ్యవధిలో పడిపోయింది. థాంక్స్‌గివింగ్ పండగ కోసం ఆరుబయట మేపుతున్న టర్కీ కోళ్లు లక్షల్లో చచ్చిపోయాయి. టర్కీ చలికి ఓర్చుకోలేని పక్షి కాదు. ముందు వానకు తడిసి, ఆ తడి మీద గాలీ చలీ ఒక్కసారిగా కమ్ముకోవడమే వాటిని చంపింది.

కోడి ఒంట్లోని ఏర్పాట్లు

కోడి ఒంటి మీద రెండు రకాల ఈకలుంటాయి. పైన కనిపించే గట్టి ఈకలు గాలినీ చినుకునూ అడ్డుకుంటాయి. వాటి కింద మెత్తటి నూగు గాలిని పట్టి ఉంచుతుంది. ప్రతి ఈక మొదట్లోనూ సన్నటి కండరాలున్నాయి. చలి వేసినప్పుడు అవి బిగుసుకుని ఈకలు నిక్కబొడుచుకుంటాయి, లోపల పట్టే గాలి పొర మందమవుతుంది. చలిరోజున కోడి ఉబ్బినట్టు కనిపించడం ఇందువల్లే. ఈ ఏర్పాటులో వేడిని ఆపేది కదలని గాలి. తడిసిన ఈకలు ఒకదానికొకటి అంటుకుపోతే ఆ గాలికి చోటుండదు. తోక మొదట్లో ఉన్న గ్రంథి నుంచి తైలం తీసి కోడి ముక్కుతో ఈకలకు రాసుకోవడం చూస్తూనే ఉంటాం. అయితే ఆ తైలం చినుకులను ఆపుతుంది తప్ప, గూట్లో రాత్రంతా పేరుకునే చెమ్మను ఆపలేదు.

వేసవి చివర పగళ్లు కుదించుకుపోతున్నకొద్దీ కోళ్లు పాత ఈకలు రాల్చి కొత్తవి వేసుకుంటాయి. ఈక బరువులో 85 శాతానికి పైగా మాంసకృత్తులే. అందుకే ఈ కాలంలో గుడ్లు ఆగిపోతాయి, మేతలో మాంసకృత్తులు ఎక్కువ కావాలి. గుడ్ల కోళ్ల దాణాలో మామూలుగా 16 శాతం ఉంటే, ఈకలు వేసుకునే వారాల్లో 18 నుంచి 20 శాతం ఉన్న దాణా పెడతారు. సెప్టెంబరులో ఆలస్యంగా ఈకలు రాల్చడం మొదలుపెట్టిన కోడి అక్టోబరు మంచుకు సగం ఈకలతో దొరికిపోతుంది. చలికాలానికి చేసే తయారీలో మొదటిది మేతే.

ఈకలు లేని చోట్లు రెండు: కాళ్లు, తల. కాళ్లలో వెచ్చటి రక్తాన్ని కిందికి తెచ్చే ధమనులు, చల్లబడిన రక్తాన్ని పైకి తీసుకెళ్లే సిరలు పక్కపక్కనే సాగుతాయి. దిగే రక్తం తన వేడిని ఎక్కే రక్తానికి అందిస్తుంది కాబట్టి పాదాలు చల్లగా ఉన్నా ఒంటి వేడి వృథా కాదు. తల మీద తురాయికీ, గడ్డం కింద వేలాడే లోలకులకూ ఈ వెసులుబాటు తక్కువ. పలచటి చర్మం, నిండా రక్తం, పెద్ద వైశాల్యం: ఎండాకాలంలో ఒంటి వేడిని బయటికి పంపడానికి పనికొచ్చే ఈ భాగాలే చలికాలంలో మంచుకాటుకు గురవుతాయి. తురాయి కొసలు ముందు పాలిపోతాయి, తరవాత నల్లబడి ఎండిపోతాయి. కణాల్లోని నీరు గడ్డకట్టి కణజాలం చచ్చిపోవడమే ఇందుకు కారణం. గాలిలో చెమ్మ ఉంటే ఈ నష్టం తొందరగా జరుగుతుంది.

చెమ్మ ఎక్కడిది?

చలిరోజున గూట్లోకి వాన రాదు, మంచు రాదు. చెమ్మను తెచ్చేవి కోళ్లే. ఒక కోడి రోజుకు పావు లీటరు దాకా నీళ్లు తాగుతుంది. గుడ్డులోకి పోయేది అందులో దాదాపు 40 గ్రాములే. మిగతాదంతా ఊపిరిలోనూ రెట్టలోనూ బయటికొస్తుంది. తాజా రెట్ట బరువులో 70 నుంచి 80 శాతం నీరే. పది కోళ్లున్న గూటిని లెక్కలోకి తీసుకుంటే, రోజుకు సుమారు రెండు లీటర్ల నీరు గాలిలోకో నేలమీదికో చేరుతుంది. డిసెంబరులో రాత్రి 15 గంటలు. అంతసేపూ అవి తలుపు మూసిన గూట్లోనే ఉంటాయి.

చల్లటి గాలి నీటి ఆవిరిని ఎక్కువగా మోయలేదు. కోళ్ల ఊపిరితో వెచ్చబడ్డ గాలి పైకి లేచి చల్లటి రేకు కప్పును తాకగానే ఆవిరి చుక్కలుగా మారుతుంది. గడ్డకడితే కప్పు లోపలి వైపు తెల్లటి మంచు పొర కడుతుంది. పగలు కాస్త ఎండ తగిలితే అది కరిగి కోళ్ల మీదా, నేల మీద పరిచిన ఊక లాంటి లిట్టర్ మీదా కారుతుంది. పొద్దున్నే తలుపు తీసినప్పుడు కిటికీ అద్దం లోపలి వైపు మంచు పట్టి ఉందంటే గూట్లో గాలి సరిగా ఆడడం లేదని అర్థం. థర్మామీటరు లేకపోయినా ఆ అద్దం చూస్తే చాలు.

చెమ్మ వెంటే అమ్మోనియా వస్తుంది. కోడి రెట్టలో తెల్లగా కనిపించేది యూరిక్ ఆమ్లం. తడి లిట్టర్‌లో బ్యాక్టీరియా దాన్ని విరిచి అమ్మోనియా వాయువును విడుదల చేస్తుంది. గాలిలో అది 25 పీపీఎం (పది లక్షల్లో 25 వంతులు) దాటితే కోళ్ల కళ్లు మండుతాయి, శ్వాసనాళంలోని సన్నటి నూగు దెబ్బతిని రోగక్రిములకు దారి దొరుకుతుంది. ఈ ఘాటును నిలబడి చూడకూడదు. కోడి తల ఎత్తుకు వంగి, అక్కడ ఊపిరి పీల్చి చూడాలి.

గాలి పైన ఆడాలి, కింద నిలవాలి

చలి భయంతో గూటి సందులన్నీ మూసేయడమే ఎక్కువ మంది చేసే తప్పు. మూసిన గూడు రెండు మూడు డిగ్రీలు వెచ్చగా ఉండవచ్చు, కానీ లోపల తడి పేరుకుంటుంది. మంచుకాటుకు అది సరైన చోటు. గూటికి గాలి మార్గాలు కావాలి, అయితే వాటి చోటు ముఖ్యం. కోళ్లు కూర్చున్నప్పుడు వాటి తలలకన్నా ఎత్తున, చూరు కింద, ఎదురెదురు గోడలకు మార్గాలు ఉంచాలి. నడికొప్పు దగ్గర ఇంకొక మార్గం ఉంటే మరీ మంచిది. వెచ్చటి తడిగాలి పైకి లేచి ఆ దారిన పోతుంది. కోళ్లు కూర్చునే ఎత్తులో మాత్రం గాలి కదలకూడదు. సన్నటి రిబ్బను ఒకటి అక్కడ వేలాడదీస్తే, గాలిరోజున అది ఊగుతుందో లేదో కనిపిస్తుంది. ఊగితే కింది సందులు మూయాలి. మార్గాల మొత్తం వైశాల్యం గూటి నేలలో పదో వంతు ఉండాలన్నది చాలామంది పాటించే లెక్క. మంచుతుఫాను రోజుల్లో గాలి కొట్టే వైపు మార్గాన్ని మూసి, అవతలి వైపుది తెరిచి ఉంచుతారు.

ఈ ఆలోచన పాతదే. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో అమెరికాలో ప్రిన్స్ టి. వుడ్స్ అనే వైద్యుడు ముందు వైపు తెరిచి ఉంచిన కోళ్లగూళ్లను ప్రచారం చేశాడు. లోతు ఎక్కువగా ఉన్న గూడు కట్టి, దక్షిణం వైపు గోడకు జాలీ మాత్రమే వేసి, మిగతా మూడు వైపులా సందు లేకుండా బిగించడం ఆ పద్ధతి. వెనక నుంచి బయటపడే దారి లేనందువల్ల ముందు నుంచి వచ్చే గాలి లోపలిదాకా దూసుకురాదు. కోళ్లు కూర్చునే వెనక భాగంలో గాలి నిలకడగా ఉంటుంది. చెమ్మ మాత్రం ముందు నుంచి మెల్లగా పోతూనే ఉంటుంది. శీతాకాలపు సూర్యుడు దక్షిణాన కిందుగా ఉంటాడు కాబట్టి ఎండ గూటి లోపలిదాకా పడుతుంది. ఇలాంటి గూళ్లు కొన్ని ఈనాటికీ వాడుకలో ఉన్నాయి.

గోడలకు ఇన్సులేషన్ వేస్తే చెమ్మ పట్టడం తగ్గుతుంది. అయితే నురుగు పలకలను బయటికి కనబడేలా వదిలేస్తే కోళ్లు వాటిని పొడిచి తింటాయి. పైన ప్లైవుడ్ వేసి మూయాలి.

కూర్చునే కర్ర

రాత్రి కోడి తన పాదాలను తన పొట్ట ఈకల కింద దాచుకుంటుంది. గుండ్రటి సన్నటి కర్ర మీదైతే వేళ్లు కర్ర చుట్టూ కిందికి వంగి, కొసలు బయటే ఉండిపోతాయి. అందుకే చలి ప్రాంతాల్లో తొమ్మిది సెంటీమీటర్ల వెడల్పున్న చెక్కను, వెడల్పు వైపు పైకి వచ్చేలా అడ్డంగా అమరుస్తారు. అంచులను నున్నగా గీకుతారు. ఇనుప, ప్లాస్టిక్ పైపులు పనికిరావు. ఇనుము పాదాల వేడిని లాగేస్తుంది, ప్లాస్టిక్ జారుతుంది. ఒక్కో కోడికి 20 నుంచి 25 సెంటీమీటర్ల చోటు చాలు. చలి ఎక్కువైతే అవి ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చుంటాయి. కర్రల కింద పలక ఒకటి అమర్చి రోజూ పొద్దున రెట్టను గీకి బయట వేస్తే గూట్లో చేరే తడి చాలా తగ్గుతుంది.

నేల మీద లిట్టర్

తెలుగు ప్రాంతాల కోళ్లఫారాల్లో వరిఊక ఎలాగో, అమెరికా ఉత్తరాన పైన్ చెక్క తురుము అలాగ. శరత్కాలంలో 10 నుంచి 15 సెంటీమీటర్ల మందాన వేసి, చలికాలమంతా తీసేయకుండా పైన కొత్తది చల్లుతూ పోతే వసంతానికి అది 25, 30 సెంటీమీటర్లకు చేరుతుంది. లోపలి సూక్ష్మజీవులు రెట్టను కుళ్లబెడుతూ కొద్దిపాటి వేడినీ ఇస్తాయి. 1940ల్లో ఒహాయో వ్యవసాయ ప్రయోగ కేంద్రంలో డి. సి. కెన్నార్డ్ ఈ పద్ధతిని పరిశీలించాడు. పాత లిట్టర్ మీద పెరిగిన కోళ్లు, మాంసపు పొడి, చేపపొడి లాంటి జంతు పదార్థాలు లేని దాణాతోనూ బాగా ఎదగడం అక్కడ గమనించారు. లిట్టర్‌లోని సూక్ష్మజీవులు తయారుచేసే బీ12 విటమిన్ అందుకు ముఖ్య కారణం.

లిట్టర్ బాగుందో లేదో గుప్పెట పడితే తెలుస్తుంది. పిడికిట్లో నొక్కి వదిలినప్పుడు పొడిపొడిగా రాలిపోవాలి. ముద్ద కడితే తడి ఎక్కువైందని లెక్క; ఆ చోటు తీసేసి ఎండుది వేయాలి. సాయంత్రం కాసిని గింజలు లిట్టర్ మీద చల్లితే కోళ్లే గీరి తిరగేస్తాయి.

దొడ్డి

గూడు రాత్రికి, దొడ్డి పగటికి. కోళ్లు చలిని ఓర్చుకున్నా తాజా మంచు మీద అడుగు పెట్టడానికి ఇష్టపడవు. రోజుల తరబడి గూట్లోనే ఇరుకున ఉంటే ఒకదాన్నొకటి పొడుచుకోవడం మొదలవుతుంది. ఒక్కో కోడికి గూట్లో 0.4 చదరపు మీటరు, దొడ్డిలో ఒక చదరపు మీటరు చోటైనా ఉండాలి.

దొడ్డికి ఉత్తర, పడమర వైపుల మందపాటి పారదర్శక ప్లాస్టిక్ షీటు కడితే గాలి ఆగుతుంది, వెలుగు వస్తుంది. పైన అర అడుగు ఖాళీ వదలాలి. నేల మీద ఎండుగడ్డి పరిచి, మంచు పడ్డప్పుడు కొత్తది చల్లితే కోళ్లు బయటికొస్తాయి.

కప్పు విషయంలో లెక్క తప్పకూడదు. తాజాగా పడ్డ పొడి మంచు 10 సెంటీమీటర్లుంటే చదరపు మీటరుకు 5 నుంచి 10 కిలోలు తూగుతుంది. తడి మంచు అయితే 20 నుంచి 30 కిలోలు. నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు ఉన్న దొడ్డి మీద అది 240 నుంచి 360 కిలోలు. పక్షుల వలను మాత్రమే పైన కట్టిన దొడ్డి కూలిపోయేది ఇలాంటి రోజునే. ఏటవాలు రేకు కప్పు, మధ్యలో గుంజలు అవసరం. పైకప్పు వల్ల ఇంకొక మేలుంది. వలస వెళ్లే అడవి బాతుల రెట్టలు దొడ్డిలో పడవు. 2015 వసంతంలో మిన్నెసోటా టర్కీ ఫారాలను బర్డ్ ఫ్లూ ఘోరంగా దెబ్బతీసింది, దాని వైరస్‌ను దూరప్రాంతాలకు మోసేవి అడవి నీటిపక్షులే.

చలికాలంలో ఆహారం కరువై నక్కలు, రకూన్లు, వీజల్ అనే సన్నటి మాంసాహార జంతువులు గూళ్లకు వస్తాయి. షట్కోణపు కోళ్ల జాలీని రకూన్ చింపగలదు. రెండున్నర సెంటీమీటర్ల కంతలో వీజల్ దూరిపోతుంది. 12 మిల్లీమీటర్ల గళ్లున్న వెల్డెడ్ జాలీని గోడల అడుగున, గాలి మార్గాలకు బిగించి, అంచును 30 సెంటీమీటర్ల మేర నేలలో పాతాలి. నేల గడ్డకట్టాక పార దిగదు కాబట్టి ఈ పని అక్టోబరు లోపే పూర్తి కావాలి.

మట్టిస్నానానికి పొడి చోటు ఉండాలి. ఒక తొట్టెలో ఇసుక, పొడిమట్టి, కాస్త కట్టెబూడిద కలిపి గూట్లో ఒక మూల పెట్టాలి. కోళ్ల ఒంటి మీదే బతికే ఉత్తర కోడి మైట్ చల్లటి నెలల్లోనే బాగా పెరుగుతుంది. వెనక భాగం ఈకలు నల్లగా, మురికిగా ఉంటే దాన్ని అనుమానించాలి.

నీళ్లు, మేత

నీళ్లు గడ్డకడితే కోడి తాగడం మానేస్తుంది, తాగడం మానితే మేతా మానేస్తుంది, మేత లేకపోతే ఒంట్లో వేడి పుట్టదు. చలికాలంలో గూటికి కరెంటు నిజంగా అవసరమయ్యేది నీళ్ల దగ్గరే. అడుగున తక్కువ వేడి పుట్టించే పలక ఉన్న నీళ్లతొట్టెలు దొరుకుతాయి. కరెంటు లేనిచోట నల్లటి రబ్బరు గిన్నెలు వాడి, రోజుకు రెండు మూడుసార్లు గోరువెచ్చటి నీళ్లు మార్చాలి. తొట్టె నోరు వెడల్పుగా ఉంటే లోలకులు తడిసి మంచుకాటు తగులుతుంది. నీళ్లు గూట్లో కాకుండా దొడ్డిలో కప్పు కింద పెడితే లోపలి చెమ్మా తగ్గుతుంది.

మామూలు రోజుల్లో గుడ్ల కోడి 110 నుంచి 120 గ్రాముల దాణా తింటుంది. చలి ముదిరితే ఇంకా ఎక్కువ తింటుంది, ఆ అదనం అంతా వేడి పుట్టించడానికే. పక్షుల్లో వేడి పుట్టించే గోధుమ రంగు కొవ్వు లేదు. ముఖ్యంగా రొమ్ము కండరాలు సన్నగా వణికే వేడి పుడుతుంది. దానికి ఇంధనం మేతే. సాయంత్రం పడుకునే ముందు మొక్కజొన్న వేయడం ఉత్తర దేశాల అలవాటు. మెడ కింది సంచి నిండి ఉంటే తెల్లవార్లూ నెమ్మదిగా అరుగుతుంది, అరుగుదల నుంచీ కొంత వేడి వస్తుంది. మొక్కజొన్నలో మాంసకృత్తులు 8, 9 శాతమే కాబట్టి మొత్తం మేతలో అది పదో వంతు దాటకూడదు. నేలంతా మంచు కప్పేస్తే కోళ్లకు చిన్న రాళ్లు దొరకవు. కందనకాయలో గింజలు నలగడానికి గ్రానైటు రాతి నలుసులను వేరే గిన్నెలో పెట్టాలి.

గుడ్లను రోజుకు రెండు మూడుసార్లు ఏరాలి. లోపలి నీరు గడ్డకట్టి వ్యాకోచించగానే పెంకు పగులుతుంది.

వెలుతురు

డిసెంబరు 21న మినియాపొలిస్‌లో పగలు 8 గంటల 45 నిమిషాలే. కోడి వెలుగును కళ్లతోనే కాక, పుర్రె గుండా చొచ్చుకొచ్చే కాంతిని పసిగట్టే మెదడు లోతుల్లోని కణాలతోనూ గ్రహిస్తుంది. పగలు 14 గంటలకు తగ్గితే గుడ్లకు కారణమైన హార్మోన్లు మందగిస్తాయి. గుడ్లు కావాలనుకునేవారు పేపరు చదవగలిగేంత వెలుగునిచ్చే చిన్న ఎల్‌ఈడీ బల్బును టైమరుకు కలిపి తెల్లవారుజామున వెలిగిస్తారు. సాయంత్రం పెట్టిన బల్బు ఒక్కసారిగా ఆరితే కోళ్లు కర్ర ఎక్కకుండానే చీకట్లో చిక్కుకుపోతాయి. కోళ్లకు విరామం ఇవ్వాలనుకునేవారు బల్బే పెట్టరు.

హీటు దీపాలు, కోడిపిల్లలు

250 వాట్ల హీటు దీపం ఎండుగడ్డి, నూగు, ధూళి నిండిన గూట్లో నిప్పు లాంటిదే. కొక్కెం జారినా, కోడి ఎగిరి తాకినా గూడంతా కాలిపోతుంది. ఇంకో ప్రమాదం కరెంటు పోయిన రాత్రిది. వెచ్చదనానికి అలవాటుపడిన కోళ్లు ఒక్కసారిగా మైనస్ 20 చలిలో పడతాయి. చలిని క్రమంగా ఎదుర్కొన్న కోడి నూగు దట్టంగా పెంచుకుంటుంది, మేత పెంచుకుంటుంది. ఆ సిద్ధపాటుకు దీపం అవకాశమివ్వదు.

పిల్లల విషయం వేరు. ఈకలు రాని కోడిపిల్లకు మొదటి వారం 35 డిగ్రీల దాకా వేడి కావాలి, వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఫారాల్లో డిసెంబరు, జనవరి బ్యాచ్‌లకు బ్రూడరు దీపాలు పెట్టి, షెడ్డు చుట్టూ పరదాలు దించేది ఇందుకే. అక్కడా చిక్కు అదే. పరదాలు పూర్తిగా దించేస్తే అమ్మోనియా పేరుకుంటుంది, ప్రాణవాయువు చాలక వేగంగా ఎదిగే బ్రాయిలర్లలో పొట్టలో నీరు చేరే జబ్బు పెరుగుతుంది. పరదాను పైనుంచి కొంత తెరిచి ఉంచడం మినియాపొలిస్ గూటి చూరు కింది మార్గం చేసే పనే చేస్తుంది.

చలికి తగిన జాతులు

పొడవాటి ఒంటిరేకు తురాయి ఉన్న లెగ్‌హార్న్‌కు మంచుకాటు ఎక్కువ. బ్రహ్మా, వయండాట్ లాంటి జాతుల తురాయి తలకు అంటిపెట్టుకుని ఉంటుంది. చలి కోసమే తయారుచేసిన జాతి కెనడాలోని షాంటెక్లేర్. క్యూబెక్ రాష్ట్రం ఓకాలోని ట్రాపిస్ట్ మఠంలో బ్రదర్ విల్‌ఫ్రిడ్ షాత్లేన్ 1908లో ఈ పని మొదలుపెట్టాడు. ఐదు జాతులను కలిపి, తురాయీ లోలకులూ దాదాపు లేని, ఒళ్లు నిండిన కోడిని సాధించాడు. అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ 1921లో దాన్ని గుర్తించింది. ఆ ఐదింటిలో ఒకటి కార్నిష్. కార్నిష్ 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో భారతదేశపు అసిల్ కోళ్ల రక్తంతో రూపుదిద్దుకున్న జాతి. ఆంధ్రప్రదేశ్‌లో పందెపు కోడిగా పేరున్న అసిల్ తురాయి కూడా చిన్నదే, లోలకులు కనిపించీ కనిపించనట్టుంటాయి. అయితే దాని ఈకలు పలచన. మంచు దేశపు చలికి అసిల్ నేరుగా సరిపోదు.

పనుల క్రమం

ఆగస్టు, సెప్టెంబరుల్లో మాంసకృత్తులు ఎక్కువున్న దాణా, పేలూ మైట్ల పరీక్ష. అక్టోబరు మొదట్లో గూడు కడిగి ఎండబెట్టి కొత్త లిట్టర్ వేయడం, జాలీ పాతడం, కప్పు కారుతుందేమో చూడడం, గాలి మార్గాలకు పేరుకున్న ధూళి దులపడం. నెలాఖరుకు దొడ్డికి ప్లాస్టిక్ షీట్లు, నీళ్లతొట్టెకు కరెంటు తీగ, ఎండుగడ్డి నిల్వ. నవంబరు నుంచి ప్రతి ఉదయం నీళ్లు, రెట్ట పలక, కిటికీ అద్దం, తురాయి కొసలు చూడాలి. కప్పు మీది మంచును అదే రోజు లాగేయాలి.

మంచుకాటు తగిలిన కోడిని పొయ్యి దగ్గర కూర్చోబెట్టకూడదు, ఆ భాగాన్ని రుద్దకూడదు. చలిలేని గదిలో ఉంచి, దెబ్బతిన్న చోటును గోరువెచ్చటి నీళ్లతో మెల్లగా కరగనివ్వాలి. నల్లబడిన కొసలను కోయకుండా వదిలేస్తే వాటంతట అవే రాలిపోతాయి. అంతవరకు అవి కింది కణజాలానికి కప్పుగా పనిచేస్తాయి. వాపు, చీము కనిపిస్తే పశువైద్యుడికి చూపించాలి.

మార్చి చివర ప్లాస్టిక్ షీట్లు విప్పి, మంచు కరిగిన నీరు దొడ్డిలో నిలవకుండా కాలువ తీయాలి. చలికాలమంతా పేరుకున్న లిట్టర్‌ను ఎత్తి కుప్ప వేసి మాగబెడితే కొన్ని నెలల్లో కూరగాయల మడులకు మంచి ఎరువవుతుంది.